ఈసీజీలో కనపడని దడ

ఉద్యోగం విరమించేవాళ్లకు శాలువా కప్పుతారు, దండ వేస్తారు, అందరినీ వరుసగా నిలబెట్టి ఫొటో తీస్తారు. నేను ఆదోనిలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఈసీజీ టెక్నీషియన్‌గా పనిచేసి ముప్పై రెండేళ్ల వయసుకే విరమించాను. శాలువా లేదు. ఒకరోజు మా ఎమ్మిగనూరులో ఎక్కిన బస్సు దిగిపోయాను, మర్నాడు ఎక్కనే లేకపోయాను, అంతటితో అయిపోయింది.

నా కుర్చీలో ఇప్పుడు కొత్తగా కూర్చున్న అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. "అక్కా, డ్యూటీలో చేరినాను. తెలుసుకోవాల్సినవేమన్నా ఉంటే సెప్పు" అంది. మిషను గురించి అడిగిందేమో. మిషను గురించి చెప్పేదేముంది? జెల్ పూసి, చేతులకూ కాళ్లకూ క్లిప్పులు పెట్టి, ఎదమీద రబ్బరు బుడ్డలు అంటించి, కదలొద్దని చెబితే మిగతా పని అదే చేసుకుంటుంది. చెప్పాల్సింది వేరే ఉంది. అది ఫోన్‌లో తెమిలేది కాదు. అందుకే పాప పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను.

గదిలోకి వచ్చేవాళ్లు

ముందు ఒక మాట. నిజంగా గుండెపోటు వచ్చినవాళ్లలో కొందరు నడిచే వస్తారు. మధ్యాహ్నం తిన్న బజ్జీలు పడలేదనుకుంటారు. కాబట్టి ఎవరు ఎదనొప్పి అని వచ్చినా మంచమెక్కించి ఈసీజీ తీయాల్సిందే. ముఖం చూసి తేల్చేయొద్దు.

ఇంకోరకం వాళ్లుంటారు. ఆటోలోంచి ఇద్దరు పట్టుకుని దించుతారు. వేళ్లు కొంకర్లు పోయుంటాయి, పెదాలు ఎండిపోయుంటాయి, "సచ్చిపోతాండా, నా బిడ్డల్ని సూసుకోండి" అంటుంటారు. క్లిప్పులు పెడితే గుండె వేగంగా కొట్టుకుంటూ ఉంటుంది, కానీ మిషను గీసే గీత బాగుంటుంది. కాగితం బయటికొచ్చేలోపు సగం తేరుకుంటారు. నేను "ఏం లేదమ్మా, బాగుంది" అనేదాన్ని. లేచి కొంగు సర్దుకుని, బతికినందుకు సిగ్గుపడుతూ పోయేవాళ్లు. కొన్నాళ్లకు మళ్లీ వచ్చేవాళ్లు.

స్టాఫ్ రూములో వీళ్లకు పేర్లుండేవి. మగవాళ్లయితే గ్యాస్ కేసు, ఆడవాళ్లయితే అత్త కేసు. అత్తమీద కోపానికి పడిపోయిందని అర్థం. కొత్తగా చేరినవాళ్లు రెండు రోజుల్లో ఈ పేర్లు నేర్చుకుంటారు. నువ్వు కూడా ఈపాటికి నేర్చుకునే ఉంటావు.

మా యజమాని డాక్టరును అందరం పెద్ద సార్ అనేవాళ్లం. చెడ్డవారు కాదు. గుండెపోటు కేసు వస్తే అన్నం మాని మంచం పక్కనే కూర్చునేవారు. కానీ ఈ రెండో రకం వాళ్లకు ఆయన వైద్యం ఒకటే: సెలైన్ సీసా, అందులో ఒక పచ్చరంగు ఇంజెక్షను, ఇంటికి పోయేటప్పుడు చిన్న తెల్ల మాత్రలు. ఒకసారి అడిగాను, ఏమీ లేనివాళ్లకు సెలైన్ ఎందుకు సార్ అని.

"ఏం లేదని ఉత్త సేతుల్తో పంపితే రేపు పక్కాసుపత్రికి పోతారు పాపా. సీసా ఎక్కితేనే జబ్బున్నట్టు, సీసా దిగితేనే నయమైనట్టు. నీకు మిషన్ తెలుసు, నాకు మనుషులు తెలుసు" అన్నారు.

ఆయనకు మనుషులు తెలిసిన మాట నిజమే. ఎంత తెలిసీ ఏం లాభం? "మీ గుండె బాగుంది" అనేది ఒక మాట. "మీకేమీ లేదు" అనేది వేరే మాట. మొదటిది మిషను చెబుతుంది. రెండోది మిషను ఎప్పుడూ చెప్పలేదు, మేమే కలిపి చెప్పాం.

ఈరమ్మ

కోసిగి పక్క పల్లె నుంచి ఈరమ్మ అని ఒకామె వచ్చేది. ఆ వైపు పంట పనులు అయిపోతే ఊళ్లకు ఊళ్లు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పిల్లలూ గిన్నెలూ కోళ్లతో సహా లారీ ఎక్కడాన్ని సుగ్గికి పోవడమంటారు. ఒక ఏడు ఆ లారీలో మూటల మధ్య ఇరుక్కుని కూర్చున్నప్పుడు ఈరమ్మకు ఊపిరాడలేదు. చేతులు తిమ్మిరెక్కాయి, గుండె నోట్లోకి వచ్చింది. లారీ ఆపించి దించితే కాసేపటికి బాగయింది. మరుసటి ఏడు లారీ వస్తే దాని దగ్గరికి పోలేకపోయింది. తర్వాత కోసిగి సంతకు కూడా పోలేకపోయింది. మూడోసారి ఆసుపత్రికి తెచ్చినప్పుడు మొగుడు విసిగిపోయి ఉన్నాడు.

పెద్ద సార్ కాగితం చూసి, ఏం లేదు, గ్యాస్, టయానికి తిను అన్నారు. ఈరమ్మ జాకెట్టు హుక్కులు పెట్టుకుంటూ అడిగింది.

"ఏం లేదంటే, మరి నా గొంతు పట్టుకునేదెవురు సారూ?"

అందరూ నవ్వారు. మొగుడు మరీ ఎక్కువగా నవ్వి, "సుగ్గికి రాకుండ తప్పించుకునే యేసాలు సార్ ఇవి" అన్నాడు. ఆమె మాత్రం జవాబు కోసం నిలబడింది. సార్ తర్వాతి మనిషిని పిలిచారు.

ఆ ఏడు వాళ్లు పిల్లల్ని తీసుకుని ఆమెను ఒక్కదాన్నే వదిలి పోయారట. తాళాలు పడిన వీధిలో ముసలివాళ్లతో ఉండిపోయింది. ఊళ్లో ఆమెకు పెట్టిన పేరు పనిదొంగ.

అదే రోజుల్లో ఆదోనిలో పత్తి వ్యాపారస్తుల ఇంటికి చిన్న మిషను పట్టుకుని వెళ్లాను. ఆ ఇంటామె ఆసుపత్రికి రాదు, మిషనే రావాలి. ఆడబిడ్డ గర్వంగా చెప్పింది, "మా వదిన గడప దాటదమ్మా. మా యింటి లచ్చుమి." నేను బుడ్డలు అంటిస్తుంటే ఆమె మెల్లగా అడిగింది. "ఎమ్మిగనూరు నుంచి నువ్వొక్కదానివే వస్తావా పాపా? బస్సులో నడాన దిగాలనిపిస్తే దించుతారా?"

దారి మధ్యలో దించుతారా అని, ఇదేం ప్రశ్న అనుకున్నాను. ఈ జబ్బులో ఉన్నదల్లా ఆ ఒక్క ప్రశ్నే. గడప అవతల నాకు అది వస్తే తప్పించుకునే దారుందా? జనం మధ్యలో, బస్సులో, సినిమా హాల్లో, క్యూలో, వంతెన మీద, ఎక్కడికి పోయినా మనసు ముందు దారి వెతుక్కుంటుంది. దారి కనపడని చోటికి పోవడం మానేస్తుంది. చివరికి ఇల్లొక్కటే మిగులుతుంది.

ఇద్దరిదీ ఒకటే జబ్బు. కూలిదానికొస్తే పనిదొంగ, షావుకారు భార్యకొస్తే లక్ష్మి. రెండు పేర్లకూ వైద్యం లేదు.

నా వంతు

పాప పుట్టాక, అది అన్నం తినడం నేర్చాక, మళ్లీ డ్యూటీకి పోవడం మొదలుపెట్టాను. మామూలు ఉదయం. కిటికీ పక్క సీటు దొరికింది. దారిలో కోటేకల్లు ఊరు దాటాక, ఏ కారణమూ లేకుండా, గుండె తన్నడం మొదలైంది. ఊపిరి సగంలో ఆగిపోతోంది. చేతుల మీద చీమలు పాకినట్టుంది. పక్కనున్న మనుషులు అద్దం అవతల ఉన్నట్టు కనిపించారు. ఇదేమిటో నాకు తెలుసు. ఎంతమంది ఎద మీద చూశానో. ఆ తెలివి పూచికపుల్లకు కూడా పనికిరాలేదు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను.

ఆసుపత్రికి చేరి నాకు నేనే క్లిప్పులు పెట్టుకున్నాను. గీత బాగుంది. పెద్ద సార్ చూసి, "ఏం లేదు పాపా, పాలిచ్చే తల్లివి, నిద్ర సాలదు. సీసా పెట్టించుకో" అన్నారు. పెట్టించుకున్నాను. చిన్న తెల్ల మాత్రలూ తెచ్చుకున్నాను.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. అప్పటినుంచి అది రావడంకన్నా వస్తుందేమోనన్న భయం పెద్దదైంది. తలుపు పక్క సీటైతేనే కూర్చునేదాన్ని. చేతిలో నీళ్ల సీసా, పర్సులో మాత్ర లేకపోతే గడప దాటేదాన్ని కాదు. తర్వాత మా ఆయన తోడుంటేనే బస్సెక్కేదాన్ని. ఆయనకు ఎమ్మిగనూరులో విత్తనాల అంగడి ఉంది, రోజూ ఎక్కడ వస్తాడు? ఒకరోజు కండక్టరును, "నడాన ఆపమంటే ఆపుతారా అన్నా?" అని అడిగాను. అడిగాక ఆ పత్తి వ్యాపారి భార్య గొంతు నా నోట్లోంచి వచ్చినట్టనిపించింది. బస్సు కదలకముందే దిగిపోయాను. అదే నా విరమణ.

ఇంట్లో అందరూ మంచివాళ్లే. మా అత్త గాలి సోకిందని నిమ్మకాయ దిగదీసింది, దర్గాలో తాయెత్తు కట్టించింది. నేను ఇంట్లో ఉండిపోయాక మాత్రం ఆమెకు గాలి మాట గుర్తురాలేదు. వచ్చినవాళ్లతో, "మేం మానమని అనలేదు, బిడ్డ కోసం తనే మానుకునింది. ఇప్పుడు అంగడికి గూడ పోదు, బంగారం" అనేది. బియ్యం ఇంటికే వచ్చేవి, చీరలు ఇంటికే వచ్చేవి. బయట తిరిగే కోడలికి వంక పెట్టే లోకం, బయటికి పోలేని కోడలిని మెచ్చుకుంటుంది. ఇంతమందికి ఇంత సౌకర్యంగా ఉన్న జబ్బును ఎవరు కనిపెడతారు?

డ్యూటీలో చేరిన పాప

మా వైపు ఆడమనిషి గడప దాటుతుంటే, ఎక్కడికి అని అడిగే ముందే తోడెవరని అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు. ఆ ప్రేమే నన్ను ముంచింది. తోడుతో పోయి క్షేమంగా వచ్చిన ప్రతిసారీ, తోడుంది కాబట్టే బతికానని మనసు రాసుకుంటుంది. ఒంటరిగా పోవడం ఇంకాస్త దూరమవుతుంది.

మా ఆయనకు అంగడి, అత్తకు మోకాళ్లు. ఇక మిగిలిన తోడు మా పాప. దాని చెయ్యి పట్టుకుంటే కూరగాయల అంగడి వరకు పోగలిగేదాన్ని, బ్యాంకు వరకు పోగలిగేదాన్ని. స్కూల్లో వేశాక కూడా నాకు బయట పనున్న రోజు దాన్ని మాన్పించేదాన్ని. మా అత్త గుమ్మంలో నిలబడి, "మీయమ్మ సెయ్యి ఇడ్సొద్దు, గట్టిగ పట్టుకో మే" అని చెప్పి పంపేది. ఐదేళ్ల పిల్ల తలూపి నా చెయ్యి పట్టుకునేది. నాకన్నా శ్రద్ధగా డ్యూటీ చేసింది.

ఒకరోజు సంతలో నా అరచెయ్యి చెమటపట్టింది. పాప తలెత్తి నా ముఖం చూసింది. "అమ్మా, వచ్చిందా?" అంది.

నాకింకా తెలియకముందే దానికి తెలిసింది.

తర్వాత చూస్తే అది వీధిలో ఆడటం మానేసింది. ఆటలో కూర్చున్నా మధ్యలో లేచి, నేను ఎక్కడున్నానో చూసి పోయేది. స్కూలు టీచరు కబురు పెట్టింది, మధ్యాహ్నమైతే మా అమ్మకు ఎట్లుందో కనుక్కోండని ఏడుస్తోందని. నేను ముప్పై రెండేళ్లకు విరమించిన ఉద్యోగంలో నా బిడ్డ ఐదేళ్లకే చేరింది. నేను పోతే పోయాను, ఇది కూడా నాలాగే తయారవుతుందన్న భయం ఆరోజు పట్టుకుంది. నన్ను ఇంట్లోంచి బయటికి తోసింది ఆ భయమే. ధైర్యం కాదు.

వైద్యం దగ్గరికి

మనసు బాధలకు ప్రభుత్వం ఉచితంగా నడిపే ఫోన్ లైనుకు చేశాను. అవతల మాట్లాడినామె చివరిదాకా విని, ఇది చాలామందికి వస్తుంది, దీనికి వైద్యముంది, మానసిక వైద్యులకు చూపించుకోండి అంది. ఇన్నాళ్లూ ఏం లేదన్నదానికి మొదటిసారి ఒకరు ఉంది అన్నారు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను.

మా ఆయన ఒప్పుకోలేదు. "పిచ్చి డాక్టరు కాడికా? రేపు పాప పెండ్లినాటికి గూడ ఈ మాట తవ్వుతారు" అన్నాడు. పాప పెళ్లిదాకా ఎందుకు, అది ఇవాళ ఆడుకోవడం లేదు చూడమన్నాను. ఆ మాటకు స్కూటరు తీశాడు. ఆదోనికి వారానికోసారి వచ్చే మానసిక వైద్యురాలి దగ్గరికి ముగ్గురం పోయాం.

ఆమె ముందు రక్తపరీక్ష, థైరాయిడ్ చేయించింది. అవి తేడాగా ఉన్నా దడ రావచ్చునట. అన్నీ చూసి, "మీ గుండెకేమీ లేదు. మీకుంది" అంది. ఆ రెండు మాటల మధ్య తేడా తెలిసిన డాక్టరును నేను అప్పుడే చూశాను.

ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. దొంగ లేకుండానే ఇంటి కుక్క మొరుగుతోంది. మొరగడం నిజం, దొంగ అబద్ధం. మొరిగిన ప్రతిసారీ మనం పరుగెత్తితే, దొంగ ఉన్నాడనే కుక్క నేర్చుకుంటుంది. పరుగెత్తకుండా నిలబడితే కాసేపటికి దానంతటదే ఆగుతుంది. అలా చాలాసార్లు నిలబడితే మొరగడం తగ్గుతుంది. రోజూ వేసుకునే మాత్ర ఇచ్చింది. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, మొదట్లో గాబరా ఎక్కువైనట్టుండొచ్చని, బాగుందని మనంతట మనం మానొద్దని చెప్పింది. పెద్ద సార్ ఇచ్చిన చిన్న తెల్ల మాత్రలు అలవాటైపోయే రకమట. అవి ఒక్కసారిగా ఆపకూడదని, కొద్దికొద్దిగా తగ్గించింది. ఆ సంగతి ఇచ్చినవాళ్లు ఒక్కనాడూ చెప్పలేదు.

తర్వాత అడిగింది, బయటికి పోతే తోడెవరొస్తారని. పాప నా కొంగు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె దాన్నే చూస్తూ, "ముందు ఈ పాపకు డ్యూటీ దించండి" అంది.

వీధి చివరి అంగడితో మొదలుపెట్టమంది. ఒంటరిగా పోవాలి, అది వస్తే అక్కడే నిలబడాలి, తగ్గాకే తిరగాలి. తగ్గకముందే ఇంటికి ఉరికితే చేసిందంతా వృథా. వినడానికి చిన్న పని. మా అత్త ప్రతిరోజూ గడపలో అడ్డం నిలబడేది. "ఒంటిగ పోయి యాడన్న పడిపోతే? పాపనన్న తోలుకపో." ఆమెను తిట్టలేను, ఆమెకు తెలిసిన మంచి అదే. దాటుకుని పోయేదాన్ని. అంగడి అయ్యాక మార్కెట్టు, తర్వాత బస్టాండు. మొదటిసారి ఒంటరిగా బస్సెక్కిన రోజు కోటేకల్లులో దిగిపోయి మా ఆయనకు ఫోన్ చేశాను. స్కూటరు మీద వచ్చి తీసుకుపోయాడు. ఇంటి ముందు దించి, "డాక్టరు మాటలు మనూళ్లో నడవవులే" అన్నాడు. ఆ రాత్రి పాప వచ్చి, రేపు స్కూలు మానేయనా అని అడిగింది.

మానొద్దన్నాను.

నీకు చెప్పేది

నీ గదిలోకి గీత బాగున్న మనిషి వస్తే, ఏం లేదు అనొద్దు. "మీ గుండె బాగుంది. మీకొచ్చింది అబద్ధం కాదు, దానికి వేరే వైద్యముంది" అను. పెద్ద సార్ వినకుండా అనాల్సి వస్తే, క్లిప్పులు తీసేటప్పుడు అను. ఆ మాటకు సీసా ఖర్చు లేదు కాబట్టి ఎవరూ నీకు నేర్పరు. అత్త కేసు అని ఎవరన్నా నవ్వితే నువ్వు నవ్వకు. నవ్వకపోతే నీకు పొగరంటారు. అననీ.

ఈరమ్మ మళ్లీ రావచ్చు. నా నంబరు నీ దగ్గరుంది. గొంతు పట్టుకునేదెవరని ఆమె అడిగినదానికి జవాబు ఇప్పుడు నాకు తెలుసు, ఆమె ఊరి పేరే తెలియదు. మిషను మీద ఊరి పేరు కొట్టే చోటు లేదు.

నేను మళ్లీ ఉద్యోగంలో చేరలేదు. నయమైపోయిందని కూడా చెప్పను. కానీ పోయిన నెల డాక్టరు దగ్గరికి ఆదోనికి ఒంటరిగా పోయాను. కావాలనే కిటికీ పక్క కూర్చున్నాను. కోటేకల్లు దాటాక వచ్చింది, ఎప్పటిలాగే, ఏ మాత్రం తక్కువ కాకుండా. ముందు సీటు కడ్డీ పట్టుకున్నాను. కండక్టరు నా ముఖం చూసి, "ఏమ్మా, దిగుతావా?" అన్నాడు. లేదన్నాను. అది ఎంతవరకు పెరగాలో అంతవరకు పెరిగింది. ఆదోని రాకముందే తగ్గింది. బస్సులో ఎవరికీ తెలియదు. శాలువా కప్పేంత పని అదొక్కటే నా జీవితంలో.

తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. మా వీధిలో పిల్లలు గుండ్రంగా కూర్చుని అచ్చనగాయలు ఆడుతున్నారు. మా పాప వాళ్ల మధ్యలో ఉంది, నన్ను చూడలేదు. ఎదురింటామె గుమ్మంలోంచి దాన్ని అడిగింది. "మే, మీయమ్మ యాడికి పోయింది?"

పాప రాళ్లు ఎగరేసింది, ఒకటి పట్టుకుంది, రెండోది పట్టుకుంది. తలెత్తకుండానే "ఏమో" అంది.

దాని ఆట అయిపోయేదాకా వీధి మలుపులోనే నిలబడ్డాను.